ఫిషింగ్ ప్లానెట్: మొదటి గాలం నుంచి మొదటి పెద్ద చేప దాకా

ఆదివారం పొద్దున రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్ళినప్పుడు, బేరం మొదలుపెట్టే ముందు ఒక అయిదు నిమిషాలు చేపల నోళ్ళు చూడండి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, ఎందుకంటే అది నీటి పైపొరల్లో తేలే ఆహారాన్ని తింటుంది. మృగాల నోరు కిందికి ఉంటుంది, అది అడుగు బురదలో వెతుక్కుంటుంది. రోహు ఈ రెండింటి మధ్య తిరుగుతుంది. ఒకదాని తిండికి ఇంకొకటి అడ్డురాదు కనుకనే పెంపకం చెరువుల్లో మూడింటినీ కలిపి వదులుతారు. ఆ పక్కన తొట్టెలో ప్రాణంతో కదులుతున్న కొర్రమీను నోరు వేరు. అది వెడల్పుగా, పళ్ళతో ఉంటుంది. మాటువేసి మింగే చేప అది.

ఫిషింగ్ ప్లానెట్ వంటి చేపల వేట వీడియో గేమును నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠశాల నాకు కనబడలేదు. ఏ లోతులో ఎర ఉంచాలి, ఎంత గాలం కట్టాలి, ఎర కదలాలా నిలిచి ఉండాలా అన్న మూడు ప్రశ్నలకూ జవాబు చేప నోటిలోనే ఉంది. కొత్తగా ఆడేవారు మాత్రం ఆటలోని దుకాణం తెరనుంచి మొదలుపెడతారు. ఖరీదైన రాడ్డు, అంటే గాలపు కర్ర, కొంటే పెద్ద చేప పడుతుందనుకుంటారు. ఈ మార్గదర్శి ఆ వరుసను తిరగేస్తుంది: ముందు చేప, తరువాత చోటు, ఆ తరువాతే సామాను.

ఏ ఆటతో మొదలుపెట్టాలి

చేపల వేట ఆటలు వీడియో గేముల్లో చాలా పాతవి. అటారీ 2600 కన్సోల్ మీద ఫిషింగ్ డెర్బీ 1980లోనే వచ్చింది. 1997లో సేగా సంస్థ, దారం చుట్టే రీలున్న రాడ్డునే కంట్రోలర్‌గా పెట్టి ఆర్కేడ్ ఆట తెచ్చింది. అది 1999లో డ్రీమ్‌కాస్ట్ కన్సోల్‌కూ వచ్చింది. ఈ కాలపు ఆటల్లో కాల్ ఆఫ్ ది వైల్డ్: ది యాంగ్లర్ 2022లో విడుదలైంది, విశాలమైన అడవిలో తిరుగుతూ వేటాడాలనుకునేవారికి అది బాగుంటుంది. నేను మాత్రం అందరినీ ముందుగా ఫిషింగ్ ప్లానెట్ ఆడమంటాను. ఉక్రెయిన్ బృందం తయారు చేసిన ఈ ఆట 2015లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ముందస్తు రూపంలో వచ్చింది. ఇప్పుడు కంప్యూటర్‌తో పాటు ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌ల మీదా ఉంది. డౌన్‌లోడ్‌కు డబ్బు కట్టనక్కర లేదు. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది: లైను (గాలపు దారం) బిగువు, గాలం సైజు, లోతు, ఎర కదలిక అన్నీ ఇందులో నిజంగా లెక్కకు వస్తాయి. ఇక్కడ నేర్చుకున్నది మిగతా ఆటల్లోనూ పనికొస్తుంది.

కంప్యూటర్ గురించి ఎక్కువ చింత వద్దు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్‌కు వెళితే కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలనే మోజు పుడుతుంది, కానీ ఈ ఆటకు ఆ ఖర్చు తొందరేమీ లేదు. నీడల నాణ్యత, నీటిలో ప్రతిబింబాల నాణ్యత తగ్గిస్తే మామూలు కంప్యూటర్ మీద కూడా సాఫీగా నడుస్తుంది. ఆ డబ్బుతో ఒక కంట్రోలర్, చెవులకు మంచి హెడ్‌ఫోన్లు కొనుక్కోండి. చేప ఎరను ముట్టినప్పుడు కంట్రోలర్ చేతిలో వణుకుతుంది. లైను జారుతున్నప్పుడు రీలు చేసే శబ్దం, కళ్ళకు కనబడకముందే చేప ఏం చేస్తోందో చెబుతుంది.

ఆట ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది. మే నెల గాలివానలో కరెంటు పోతే కంప్యూటర్ ఇన్వర్టర్ మీద నిలిచినా, రౌటర్ దానికి కలపకపోతే లాభం లేదు. అలా ఒక రాత్రి పది నిమిషాలు పోరాడిన క్యాట్‌ఫిష్ నాకు దక్కకుండా పోయింది. మర్నాడే రౌటర్ వైరు మార్చాను. మీరు ముందే మార్చుకోండి.

మొదటి గంట: బెండు, గాలం, లోతు

ఆట మిమ్మల్ని అమెరికాలోని టెక్సాస్‌లో ఉన్న లోన్ స్టార్ లేక్ అనే చెరువు దగ్గర దింపుతుంది. ఒడ్డున కనబడే లూర్లు, అంటే మెరిసే కృత్రిమ ఎరలు, మొదటి గంటలో ముట్టవద్దు. బెండు కట్టిన గాలంతోనే మొదలుపెట్టండి. మా తాతయ్య ఊరి చెరువులో నెమలి ఈక పుల్లను బెండుగా కట్టి గంటల తరబడి దాన్నే చూస్తూ కూర్చునేవారు. ఆ చూపే ఇక్కడా కావాలి.

ముందు గాలం సైజు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. గాలం నంబర్లు తలకిందులుగా ఉంటాయి: 12 చిన్నది, 8 దానికన్నా పెద్దది, 1 ఇంకా పెద్దది. ఆ తరువాత 1/0, 2/0, 3/0 అని సున్నా తోడవుతుంది, అక్కడినుంచి నంబరు పెరిగితే సైజు కూడా పెరుగుతుంది. వేసవి సెలవులకు ఉప్పల్ నుంచి వచ్చిన మా అన్నయ్య కొడుకు పెద్ద చేప కోసమని 12 కొన్నాడు. గంటసేపు వేలంత చేపలే పడ్డాయి.

"బాబాయ్, ఈ చెరువులో పెద్దవే లేవా?"

"ఉన్నాయి నాన్నా. నీ గాలం వాటి కోసం కాదు."

మొదటి గంటకు మాత్రం చిన్న గాలమే సరైనది. ఇక్కడ మీ గురువు బ్లూగిల్ అనే చేప. అరచేయంత ఉంటుంది, నోరు బఠాణీ గింజంత. 10 చుట్టుపక్కల గాలం, దానికి వానపాము ఎర పెట్టండి. పెద్ద గాలం కడితే బ్లూగిల్ ఎరను కొరుక్కుని తినిపోతుంది, గాలం నోట్లోకి వెళ్ళదు. బెండు ఊగుతూనే ఉంటుంది, మీరు లాగుతూనే ఉంటారు, పైకి మాత్రం ఏమీ రాదు. ఈ లక్షణం కనబడితే ఎర మార్చకండి, గాలం తగ్గించండి.

తరువాత లోతు. బెండుకూ గాలానికీ మధ్య ఉన్న దారం పొడవును ఆటలో సెంటీమీటర్లలో మార్చుకోవచ్చు. మొదటి రోజుల్లో ఎవరూ ముట్టుకోని అమరిక ఇదే, ఫలితాన్ని అన్నిటికన్నా ఎక్కువ మార్చేదీ ఇదే. నేను 60 సెంటీమీటర్లతో మొదలుపెట్టి, చేప ముట్టేదాకా 20 చొప్పున పెంచుతాను. ఒక దశలో బెండు నిలువుగా నిలబడకుండా నీటిమీద పక్కకు పడుకుంటుంది. దారం పొడవు నీటి లోతును దాటిందని, ఎర అడుగున కూర్చుందని దాని అర్థం. అక్కడినుంచి 20 సెంటీమీటర్లు తగ్గిస్తే ఎర అడుగుకు కాస్త పైన వేలాడుతుంది. చెరువులో ప్రతి చోటా ఇలా ఒకసారి లోతు కొలిచి, కాగితం మీద రాసుకోండి. మూడు చోట్ల కొలతలు చేతిలో ఉంటే ఆ చెరువు మీదైనట్టే.

ఇక లాగడం. బెండు ఊగగానే లాగవద్దు, అది చేప రుచి చూస్తున్న కదలిక. బెండు పూర్తిగా మునిగినప్పుడు, లేదా ఒకవైపు స్థిరంగా కదిలిపోతున్నప్పుడు రాడ్డు ఎత్తాలి. కంప్యూటర్‌లో కుడి మౌస్ బటన్ రాడ్డును ఎత్తుతుంది, ఎడమ బటన్ రీలు తిప్పుతుంది. కంట్రోలర్‌లో ఎడమ ట్రిగ్గర్ రాడ్డుకు, కుడి ట్రిగ్గర్ రీలుకు. పది బ్లూగిల్‌లు పట్టేలోగా ఈ రెండు వేళ్ళూ వాటంతటవే కదలడం మొదలుపెడతాయి.

డ్రాగ్: ఆటంతా ఇక్కడే ఉంది

చిన్న చేపకు డ్రాగ్ అక్కరలేదు. మొదటి పెద్ద చేప పడినప్పుడు అదొక్కటే అక్కరకొస్తుంది. అందుకే ఈ భాగాన్ని తొందర లేకుండా చదవండి.

రీలు లోపల ఒక జారుడు ఏర్పాటు ఉంటుంది. చేప లాగే బలం మనం పెట్టిన బిగువును దాటితే, దారం తెగకుండా రీలునుంచి జారి బయటికి వెళ్తుంది. ఆ బిగువే డ్రాగ్. గట్టిగా బిగిస్తే చేప లాగిన బరువంతా దారం మీద పడి తెగుతుంది. మరీ వదులు చేస్తే చేప మొత్తం దారాన్ని పట్టుకుపోతుంది, లేదా నీటి అడుగున ఉన్న దుంగ చుట్టూ తిరిగి చిక్కు వేస్తుంది.

సరైన బిగువు ఎంత? రాడ్డు, రీలు, లైను, గాలానికి ముందు కట్టే లీడరు అనే ముక్క ఒక్కోటి ఎంత బరువు తట్టుకుంటుందో ఆటలో రాసి ఉంటుంది. నాలుగింటిలో తక్కువది చూడండి. రాడ్డు 5 కిలోలు, రీలు 4, లీడరు 4, లైను 3 అనుకుందాం. మీ సామాను బలం 3 కిలోలే, మిగతా అంకెలతో పని లేదు. నిజమైన చెరువుల మీద అనుభవజ్ఞులు డ్రాగ్‌ను లైను బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మధ్య పెడతారు. ఆటలోనూ మూడో వంతుతో మొదలుపెట్టడం మంచిది, అంటే ఇక్కడ 1 కిలో. చేప అలసిపోయాక ఒక్కో మెట్టు పెంచండి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకుంటే సగం భయం పోతుంది: రీలు గరిష్ఠ డ్రాగ్ కన్నా ఎక్కువ బలమున్న లైను ఎంచుకోండి. అప్పుడు లైను తెగకముందే రీలు జారుతుంది.

తెరమీద రాడ్డు, రీలు, లైను బిగువును చూపే పట్టీలు ఆకుపచ్చ నుంచి పసుపుకు, ఎరుపుకు మారుతుంటాయి. పసుపులో ఉండటం తప్పు కాదు, పోరాటం జరిగేదే అక్కడ. ఎరుపు తాకగానే రీలు తిప్పడం ఆపి, రాడ్డు కాస్త దించండి. ఆ క్షణంలో బిగించాలనే ఆత్రం పుడుతుంది. దాన్ని ఆపుకోవడమే ఈ ఆటలో నేర్చుకోవలసిన అసలు విద్య అని నాకనిపిస్తుంది.

పోరాటానికి ఒక లయ ఉంది. రాడ్డును నెమ్మదిగా ఎత్తి చేపను దగ్గరికి తీసుకురండి. ఎత్తినదాన్ని దించుతూ రీలు తిప్పి, దొరికిన వదులు దారాన్ని చుట్టుకోండి. మళ్ళీ ఎత్తండి. చేప పరుగెత్తితే రీలు తిప్పకండి. లైను బయటికి జారుతున్నప్పుడు ఎంత తిప్పినా ఒక్క చుట్టు కూడా లోపలికి రాదు. పరుగు ఆగిన మరుక్షణం మళ్ళీ మీ వంతు. అయితే దారం పూర్తిగా వదులయ్యే దాకా మాత్రం ఎప్పుడూ వదలకండి, వదులు దారంతో చేప తల విదిల్చిందంటే గాలం ఊడిపోతుంది.

మా అబ్బాయి మొదటి రోజు ప్రతి పెద్ద చేపనూ ఒడ్డుకు రెండు మీటర్ల దూరంలో పోగొట్టుకునేవాడు. కారణం ఒకటే: చేప దగ్గరికి రాగానే గెలిచామనుకుని డ్రాగ్ బిగించేవాడు. ఒడ్డును చూసిన చేప చివరి పరుగు తీస్తుంది. ఆ పరుగు కోసం బిగువును ఒక మెట్టు తగ్గించి సిద్ధంగా ఉండాలి.

బాస్ వేట: కొర్రమీను తెలిసినవారికి తేలిక

ఈ ఆటలో అందరూ కోరుకునే చేప లార్జ్‌మౌత్ బాస్. పేరులోనే పెద్ద నోరుంది. ఈ చేప మీద అమెరికాలో ఉన్న వ్యామోహం తెలియాలంటే ఒక్క సంగతి చాలు. 1932లో జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ పట్టిన బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే 10 కిలోలకు పైనే తూగింది. ఆ ప్రపంచ రికార్డుతో సమానంగా ఇంకొకటి రావడానికి 2009 దాకా పట్టింది, అదీ జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటాకు.

మనకు బాస్ కొత్త కావచ్చు, దాని స్వభావం మాత్రం తెలిసిందే. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను గడ్డి చాటున, తూటాకుల కింద మాటువేస్తుంది. ఎదురుగా కప్ప గెంతితే చాలు, మింగుతుంది. బాస్ కూడా అంతే. మునిగిన దుంగలు, నాచు అంచులు, రేవు స్తంభాల నీడలు దాని చోట్లు. రెండూ పిల్లల్ని కాపలా కాస్తాయి. బాస్‌లో మగ చేప గూడు దగ్గర నిలబడుతుంది, అందుకే వసంతకాలంలో పెద్ద చేపలు ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీటికి వస్తాయి. కాబట్టి లూర్‌ను చెరువు మధ్యకు విసరకండి. అంత దూరం పడిందన్న సంతోషం తప్ప ఫలితం ఉండదు. నాచు అంచుకు సమాంతరంగా, దాన్ని ఒరుసుకుంటూ వచ్చేలా విసరండి.

విసరడం కన్నా తిరిగి తేవడం ముఖ్యం. చనిపోయిన లోహపు ముక్కకు ప్రాణం పోసేది మీ వేళ్ళే. ఫిషింగ్ ప్లానెట్ ఈ కదలికలకు పేర్లు పెట్టింది, మీరు సరిగ్గా చేస్తే ఆ పేరు తెరమీద కనబడుతుంది. స్పూను, స్పిన్నరు వంటి లూర్లకు స్ట్రెయిట్ చాలు: ఒకే వేగంతో, నెమ్మదిగా, ఆపకుండా చుట్టాలి. స్టాప్ అండ్ గోలో రెండు చుట్లు చుట్టి ఒక్క క్షణం ఆగాలి. గాయపడిన చిన్న చేప ఈదే తీరు అది, ఆగినప్పుడే పెద్ద చేప మీద పడుతుంది. ట్విచింగ్‌లో రీలు తిరుగుతూ ఉండగా రాడ్డుతో చిన్న చిన్న కుదుపులు ఇవ్వాలి. లిఫ్ట్ అండ్ డ్రాప్ అనే కదలిక, జిగ్ అనే సీసపు తల ఉన్న గాలానికి, దాని మెత్తని రబ్బరు ఎరకు సరిపోతుంది. అడుగుకు దిగేదాకా ఆగి, రాడ్డు ఎత్తి, మళ్ళీ దిగనివ్వాలి. నీటిపైన తేలే లూర్లకు వాకింగ్, పాపింగ్ అని రెండున్నాయి.

అన్నీ ఒకే రోజు నేర్చుకోవాలని చూడకండి. నా సలహా స్టాప్ అండ్ గో ఒక్కటే, మూడు సాయంత్రాలు. మనసులో "ఒకటి, రెండు, ఆగు" అని లెక్క పెట్టుకుంటూ, కళ్ళు మూసుకుని చేసినా తెరమీద పేరు చెదరకుండా ఉండేదాకా. లయ తప్పి తెరమీద పేరు పోయిందంటే మీరు తొందరపడ్డారని గుర్తు. తరువాత ట్విచింగ్ ఒక గంటలో వస్తుంది.

బెండు గాలానికి, లూర్‌కు మరో తేడా ఉంది. బాస్ లూర్‌ను రుచి చూడదు, కొట్టి మింగుతుంది. తగిలిన మరుక్షణం రాడ్డు ఎత్తాలి.

వేళ, గాలి, నీడ

ఆటలో వెళ్ళబోయే రోజు వాతావరణం ముందే చూపిస్తుంది. తెల్లవారుజాము, సాయంత్రం మంచి వేళలు. మధ్యాహ్నం వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది కనుక చేపలు నీడకు, లోతుకు వెళ్తాయి. మీరూ ఎరను లోతుకు దించండి, లేదా చెట్ల నీడ పడే ఒడ్డుకు మారండి. ఒకే చోట పదిహేను నిమిషాలు ఏమీ ముట్టకపోతే ఎర మార్చే ముందు లోతు మార్చండి. లోతు మార్చినా ఫలితం లేకపోతే చోటు మార్చండి. ఎర మార్చడం ఆఖరి పని.

డబ్బు, లైసెన్సు

ఆటలో రెండు రకాల డబ్బు ఉంది. చేపలు అమ్మితే వచ్చేవి క్రెడిట్లు, అరుదుగా చేతికొచ్చేవి బెయిట్‌కాయిన్లు. బెయిట్‌కాయిన్లను మొదటి వారాల్లో ఖర్చు పెట్టకండి. అసలు రూపాయలతో సామాను కొనడం అప్పుడే వద్దేవద్దు. ఏది కొనాలో తెలిసే సరికి, కొనాలన్న కోరిక చాలామటుకు తగ్గిపోతుంది.

ప్రతి ప్రాంతానికి లైసెన్సు ఉంటుంది. ఏ చేపను ఉంచుకోవచ్చో, ఏది వదిలేయాలో అందులో రాసి ఉంటుంది. చదవకుండా వలసంచిలో, అంటే పట్టిన చేపల్ని ఉంచే వల సంచిలో, వేసుకుంటే జరిమానా పడుతుంది, రోజంతా సంపాదించినదాంట్లో కోత పడుతుంది. అడ్వాన్స్‌డ్ లైసెన్సు ఖరీదైనా నిబంధనలు సడలుతాయి, రాత్రి వేటకు అది కావాలి. ఉంచుకున్న చేపల డబ్బు రోజు ముగిశాకే చేతికి వస్తుంది. వలసంచికి బరువు పరిమితి ఉంది కనుక దాన్ని చిన్న చేపలతో నింపకండి. పొద్దున బ్లూగిల్‌లతో నింపేసిన రోజే సాయంత్రం మంచి బాస్ పడుతుంది, పెట్టుకోవడానికి చోటుండదు.

ప్రయాణానికీ, అక్కడ గడిపే ప్రతి రోజుకీ ఖర్చవుతుంది. కొత్త చెరువు తెరుచుకుందని చేతిలో ఉన్నదంతా టికెట్టుకు పెట్టవద్దు. ప్రయాణం, లైసెన్సు, ఎర మూడూ కొన్నాక చేతిలో ఇంకో రెండు రోజుల ఖర్చు మిగలాలి. మా అబ్బాయి ఈ లెక్క చూడకుండా దూరపు సరస్సుకు వెళ్ళి, ఎర అయిపోయి, ఒడ్డున నిలబడి ఇతరులు పట్టడం చూస్తూ రోజు గడిపాడు.

తరువాతి నీళ్ళకు వెళ్ళే ముందు

ఇప్పుడు లైను మార్చాలి. మొదట మీ దగ్గర ఉండేది నైలాన్ మోనో లైను. అది కాస్త సాగుతుంది, తొలి రోజుల తప్పుల్ని ఆ సాగుడు మన్నిస్తుంది. ఫ్లోరోకార్బన్ నీటిలో సరిగ్గా కనబడదు, తేటనీటిలో అనుమానపు చేపలకు పనికొస్తుంది. అల్లిక లైను సన్నగా ఉండి ఎక్కువ బరువు ఓర్చుతుంది కానీ సాగదు, కాబట్టి అది కట్టిన రోజు డ్రాగ్‌ను ఇంకొక మెట్టు తగ్గించండి.

వెళ్ళే చోట పైక్ అనే చేప ఉందేమో చూసుకోండి. దాని నోరు కత్తెరలా ఉంటుంది, ఎంత మంచి లైనైనా కొరికి తెంపుతుంది. గాలానికి ముందు ఉక్కు లీడరు కట్టాలి. క్యాట్‌ఫిష్ కోసమైతే రాత్రి పూట, అడుగున, వాసన ఉన్న ఎర. జెల్లల్లాగే వాటికీ మీసాలుంటాయి, చీకట్లో తిండిని వాటితోనే వెతుక్కుంటాయి. ఈ రెంటికీ సరిపడే సామాను కొనడానికి ఒక కొలత పెట్టుకోండి: లోన్ స్టార్ లేక్‌లో వరుసగా అయిదు బాస్‌లను లైను తెగకుండా ఒడ్డుకు తెచ్చిన రోజు కొనండి. నాలుగోదానికి తెగితే మళ్ళీ ఒకటినుంచి లెక్కపెట్టండి. మా అబ్బాయికి ఆ అయిదోది జూన్ మొదటి వారంలో, బడి తెరవడానికి ముందురోజు రాత్రి పడింది.